మెదడు వార్ధక్యపు జన్యు సూచికలు: హైదరాబాద్ పరిశోధన

మెదడుకు వయసు మీదపడే కొద్దీ నాడీకణాల డీఎన్‌ఏలో, ఎంజైముల్లో కనిపించే మార్పులే వార్ధక్య సూచికలు. తెలుగు నేల మీద ఈ రంగంలో ముందు చెప్పుకోవలసింది హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు బృందం చేసిన కృషి.

డీఎన్‌ఏ దెబ్బతినడమే ముసలితనానికి మూలమన్న ఊహను లియో జిలార్డ్ 1959లో వివరంగా ప్రతిపాదించాడు. నాడీకణాల విషయంలో ఈ ఊహకు బలం ఎక్కువ. చర్మంలో పాత కణాలు రాలి కొత్తవి వస్తాయి. నాడీకణాలు మాత్రం విభజన చెందవు. ఎనభై ఏళ్ల మనిషి మెదడులో పనిచేసేవి దాదాపుగా ఆయనతో పాటు పుట్టిన కణాలే. అవి తమ డీఎన్‌ఏను ఎప్పటికప్పుడు బాగుచేసుకోక తప్పదు: పాడైన క్షారాన్ని ఒక ఎంజైము తొలగిస్తుంది, ఏర్పడిన ఖాళీని పాలిమరేజ్ బీటా అనే ఎంజైము పూరిస్తుంది, చివరికి లైగేజ్ అనే ఎంజైము ఆ పోగును అతుకుతుంది.

1985లో సుబ్బారావు, జార్జ్ మార్టిన్, లారెన్స్ లోబ్‌లతో కలిసి ముసలి ఎలుకల నాడీకణాల్లోని పాలిమరేజ్ బీటా కచ్చితత్వాన్ని పరీక్షించారు. వయసు మీరిన ఎలుక మెదడులో ఎక్కువగా దెబ్బతినేది వల్కలం (మెదడు పైపొర)లోని నాడీకణాల డీఎన్‌ఏ అని హైదరాబాద్ బృందం 1996లో చూపింది. ఆ నష్టం పేరుకోవడం కణాల స్వయం మరణం వల్ల కాదని కూడా అదే ఏడు తేల్చింది. అన్నిటికన్నా విలువైనది 2005 నాటి ఫలితం. ముసలి నాడీకణాల సారంలో డీఎన్‌ఏ ఖాళీలు సరిగా పూడటం లేదు. పాలిమరేజ్ బీటాను, లైగేజ్‌ను బయటి నుంచి కలిపితే మరమ్మతు మళ్లీ సాగింది. దెబ్బలు ఎన్నో తెలిస్తే వయసు తెలుస్తుంది. ఏ ఎంజైము చాలడం లేదో తెలిస్తే చికిత్సకు దారి తెలుస్తుంది.

బయటి ప్రపంచంలోనూ ఇదే దిశలో పని జరిగింది. అపోఈ జన్యువు ఈ4 రూపానికి, అల్జీమర్స్‌కు ఉన్న సంబంధం 1993లో బయటపడింది. వయసుతో మనిషి నాడీకణాల్లో ఉత్పరివర్తనలు పెరుగుతాయని 2018లో ఒక్కో కణాన్ని విడిగా చదివి నిరూపించారు.

అయినా జన్యువే సర్వస్వం కాదు. మనం మాట్లాడే భాషలకూ ఇందులో పాత్ర ఉండవచ్చు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్క భాషే వచ్చినవారి కన్నా రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది.

సుబ్బారావు బృందం ఫలితాలు ప్రధానంగా ఎలుకలవి. మనిషిలో వాటిని పరీక్షించాలంటే మరణానంతరం దానమిచ్చిన మెదళ్లు కావాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లోని మెదడు నిధి అలాంటి దానాలను స్వీకరిస్తుంది.