డొంకదారికి పాత కారు: ఎంపిక, పరీక్ష, కాగితాలు

సరిహద్దు జిల్లాల తెలుగు పల్లెలలో చాలావాటికి నేడు తారురోడ్డు చేరింది. అయినను ఊరి నుండి పొలానికి, తండాకు, కొండ మీది గూడేనికి పోయే దారి మాత్రం ఇప్పటికీ డొంకగానో, పుంతగానో, కాలువగట్టుగానో మిగిలి ఉన్నది. వానాకాలపు రాత్రి పురిటి నొప్పులు వచ్చిన ఇల్లాలిని, పాము కరచిన కూలీని ఆసుపత్రికి చేర్చేది ఆ దారిన నడిచే బండియే. ఒక పంట సొమ్ముతో కొన్న పాత కారు ఆ రాత్రి కదలకపోతే, పోయేది సొమ్ము ఒక్కటే కాదు. కనుక పాత కారు ఎంపికలో రంగు, పాటల పెట్టె, సీటు తొడుగులు చివరి మాటలు. మొదటి మాట దారి.

దారిని బట్టి బండి

బళ్లారి, సిరుగుప్ప ప్రాంతపు నల్లరేగడి తడిస్తే బంకవలె చక్రాలకు చుట్టుకుంటుంది. పావగడ వైపు ఎర్రనేలలో రాళ్ళు తేలిన దారులు టైర్లను, కమాను పట్టీలను తింటాయి. రాయగడ, కోరాపుట్ కొండలలో ఏటవాలు మలుపులు క్లచ్చిని, బ్రేకులను పరీక్షిస్తాయి. సిరొంచ వైపు వాగులు దాటవలసి ఉంటుంది. యానాంలో ఉప్పుగాలి ఇనుమును లోలోపల కొరుకుతుంది. ఒక చోట మంచి బండి అనిపించుకున్నది మరొక చోట భారం కావచ్చును.

కొనదలచినవారు ముందుగా తమ దారిని ఒక కర్రతో కొలవడం మంచిది. ట్రాక్టరు చక్రాలు చేసిన రెండు గాళ్ళ నడుమ మిట్ట ఎంత ఎత్తున ఉన్నదో చూడాలి. బండి అడుగుభాగానికి, నేలకు మధ్య ఖాళీనే గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. ఆల్టో వంటి చిన్న కారులో ఇది 160 మిల్లీమీటర్లు, బొలెరోలో 180, డస్టర్‌లో 205, జిప్సీలో సుమారు 210. ఐదుగురు ఎక్కి, వెనుక రెండు బస్తాలు వేస్తే ఈ ఖాళీ తగ్గుతుంది. మిట్ట ఎత్తు ఏడు అంగుళాలు, అనగా సుమారు 178 మిల్లీమీటర్లు ఉన్నచోట చిన్న కారు ఆయిల్ చాంబర్ పగులగొట్టుకోవడం ఖాయం.

ఏ బండిలో ఏ గుణం

విడి చాసిస్ మీద బాడీ బిగించిన బండ్లు గుంతల మెలికలను ఎక్కువ కాలం ఓర్చుకుంటాయి. బాడీయే చాసిస్‌గా ఉండే కార్లు తేలికగా, మెత్తగా నడుస్తాయి, ఇంధనం తక్కువ తాగుతాయి. అయితే ఏళ్ళ తరబడి డొంకదారిన తిరిగితే తలుపుల అమరిక సడలుతుంది. వెనుక చక్రాలు తిరిగే బండికి బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు పట్టు పెరుగుతుంది. ముందు చక్రాలు తిరిగే కారుకు అదే చోట పట్టు తగ్గుతుంది.

2000లో వచ్చిన మహీంద్రా బొలెరో చాసిస్ బండి. వెనుక కమాను పట్టీలు, వెనుక చక్రాల నడక దీని లక్షణాలు. పల్లె మెకానిక్కులకు చిరపరిచితమైనది. 1994 నుండి 2019 వరకు తయారైన టాటా సుమో కూడ ఇదే కోవకు చెందినది. తయారీ ఆగినందున, కొనేముందు దాని విడిభాగాలు దగ్గరి పట్టణంలో దొరుకుతున్నవో లేదో విచారించాలి. 2000 నుండి 2005 వరకు వచ్చిన టయోటా క్వాలిస్ ఇంజన్ మన్నికకు పేరు పొందినది, కాని దాని వయస్సు ఇప్పుడు ఇరవై ఏళ్ళకు పైమాటే. 1985లో వచ్చిన మారుతి జిప్సీ తేలికైన నాలుగు చక్రాల నడక బండి. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ప్రయాణం కుదుపుగా ఉంటుంది. ఏడాదిలో పదకొండు నెలలు పొడిగా ఉండే దారికి మంచి స్థితిలోని చిన్న కారే చాలును. దాని మరమ్మతు ఖర్చు పెద్ద బండితో పోలిస్తే బాగా తక్కువ.

నాలుగు చక్రాల నడక ఉన్నదని అమ్మేవారు చెబితే సరిపోదు. ఆ మీట ఏళ్ళ తరబడి వాడక బిగిసిపోయిన బండ్లు అనేకం. దానిని పొడి తారురోడ్డు మీద కాక, ఇసుకలోనో వదులు మట్టిలోనో వేసి చూడాలి.

2020 ఏప్రిల్ తరువాతి బి.ఎస్.6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు పెద్ద రోడ్డు మీద కొంతసేపు వేగంగా నడపాలి. దినమంతా రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా తిరిగే వాడకానికి ఈ జల్లెడ మూసుకొనిపోయి ఖర్చు తెస్తుంది. అటువంటి వాడకానికి పెట్రోలు బండి మేలు. పాత పెట్రోలు బండ్లు నేటి 20 శాతం ఇథనాల్ కలిసిన ఇంధనం కోసం రూపొందినవి కావు గనుక, వాటి రబ్బరు గొట్టాలను, సీళ్ళను తప్పక చూడాలి.

పరీక్ష అడుగు నుండి మొదలు

బేరానికి ముందు నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకొని పోవడం మంచిది. అతనికి ఇచ్చే కూలి అన్నిటికంటె చవకైన బీమా. బండిని ఉదయం, ఇంజన్ చల్లగా ఉన్నపుడు చూడాలి. ముందే వేడి చేసి ఉంచితే చల్లని స్టార్టింగు లోపం దాగిపోతుంది.

మొదట బండి కిందికి దూరి చూడాలి. చాసిస్ మీద కొత్త వెల్డింగు, వంకర, కొత్తగా పూసిన నల్లరంగు కనిపిస్తే కారణం అడగాలి. కమాను పట్టీలలో విరిగినది ఉన్నదేమో, బుష్షులు అరిగినవేమో, ఆయిల్ చాంబర్‌కు సొట్టలున్నవేమో గమనించాలి. ముందు చక్రాలను జాకీ మీద లేపి, పైన కింద పట్టి ఊపితే బాల్ జాయింట్ల, బేరింగుల వదులు తెలుస్తుంది. టైరు ఒక అంచునే అరిగితే అమరిక చెడినదని గుర్తు.

స్టార్టు చేసిన తరువాత పొగ రంగు చాలా చెబుతుంది. నీలిపొగ ఆగకుండా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నది. వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ మానకపోతే కూలెంటు లోపలికి పోతున్నదేమో అనుమానించాలి. డీజిల్ బండి నల్లపొగ విడిస్తే ఇంజెక్టర్లు గాని, గాలి వడపోత గాని చెడి ఉండవచ్చును. ఆయిల్ మూత లోపల మజ్జిగ వంటి పూత ఉంటే నీరు, ఆయిల్ కలిసినవేమోనని శోధించాలి. అటుపిమ్మట నలుగురిని ఎక్కించి ఒక ఎత్తు ఎక్కించాలి. ఇంజన్ గోల పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చి జారుతున్నది.

వరదలో మునిగిన బండ్లు కూడ అంగడికి వస్తాయి. 2015 డిసెంబరులో చెన్నైలో, 2022 జూలైలో గోదావరి తీరాన, 2024 సెప్టెంబరులో విజయవాడలో వచ్చిన వరదలను మరువరాదు. మునిగిన బండిని ఎంత కడిగినా కార్పెట్ కింద ఒండ్రు, సీటు బోల్టులకు తుప్పు, బెల్టును చివరివరకు లాగితే బురద మరక మిగులుతాయి. ఇంజన్ బాగున్నా వైర్లు నెమ్మదిగా చెడతాయి గనుక అట్టి బండిని విడిచిపెట్టడమే మేలు.

సరిహద్దు దాటిన కాగితాలు

హోసూరులో నివసించేవారు బెంగళూరులోను, పర్లాకిమిడి వారు శ్రీకాకుళంలోను, యానాం వారు కాకినాడలోను పాత కారు కొనడం సహజం. చవకగా తోచిన బండి ఇక్కడనే ఖరీదవుతుంది.

మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు మరొక రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు పాత రవాణా కార్యాలయం నుండి 28వ నమూనాలో నిరభ్యంతర పత్రం రావాలి. పేరు మార్పుకు 29, 30 నమూనాలు. అప్పు తీరిన బండికి ఫైనాన్సు సంస్థ సంతకంతో 35వ నమూనా అవసరం. కొనుగోలుదారు 30 రోజులలోపు పేరు మార్పునకు తెలియజేయాలి. కొత్త రాష్ట్రపు పన్ను బండి వయస్సును బట్టి కట్టవలసి వస్తుంది. పాత రాష్ట్రంలో కట్టిన జీవితకాలపు పన్నులో మిగిలిన భాగాన్ని తిరిగి కోరవచ్చును గాని, అది చేతికి రావడానికి ఓపిక కావాలి. కనుక బేరంలో ఈ పన్నును ముందే లెక్క కట్టాలి.

సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. తరువాత ఐదేసి ఏళ్ళకు పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుండి 15 ఏళ్ళు దాటిన కారుకు ఈ రుసుము 600 నుండి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్ళు దాటిన కారుకు 2025లో 10,000 అయినది. పధ్నాలుగేళ్ళ బండి ఎందుకు చవకగా వస్తున్నదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

ఆర్.సి.లోని చాసిస్, ఇంజన్ నంబర్లను బండి మీది అంకెలతో అక్షరం అక్షరం పోల్చాలి. లోగడ పసుపు బోర్డుతో టాక్సీగా తిరిగినదేమో, చలానాలు బాకీ ఉన్నవేమో వాహన్ వెబ్‌సైటులో చూడవచ్చును. బీమాను 14 రోజులలోపు కొత్త పేరుకు మార్పించుకోవాలి.

అమ్మేవారికి కూడ జాగ్రత్త అవసరం. ఖాళీ కాగితాల మీద సంతకం చేసి బ్రోకరు చేతికిచ్చి మరచిపోరాదు. బండి చేతులు మారినా, రిజిస్ట్రేషను ఎవరి పేర ఉన్నదో వారే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

సొమ్ములో కొంత చేతిలో

ఉన్న సొమ్మంతా బండి ధరకే పెట్టడం పొరపాటు. నాలుగు టైర్లు, బ్యాటరీ, బ్రేకు లైనింగులు, ఆయిళ్ళు, టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్‌కు కొత్త బెల్టు – వీటికి అయిదింట ఒక వంతు వేరుగా ఉంచుకోవాలి. అంతకు సరిపడే తక్కువ ధర బండినే ఎంచుకోవాలి.

చివరకు రెండు బండ్లు సమానంగా తోస్తే, ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపు ఏ బండికి సామాను దొరుకుతుందో, ఏ బండిని ఊరి మెకానిక్కు కళ్ళు మూసుకొని విప్పి బిగించగలడో దానినే తీసుకోవాలి. డొంకదారిన ఎంత మంచి బండి అయినా ఒకనాడు ఆగుతుంది. ఆగిన చోటనే బాగుపడేదే ఆ దారికి తగిన బండి.