కోబాల్‌లో అమలు క్రమ నియంత్రణ

కోబాల్ ప్రోగ్రాంలో ఏ వాక్యం తరవాత ఏ వాక్యం నడవాలో నిర్ణయించే ఏర్పాటును అమలు క్రమ నియంత్రణ అంటారు. జీతాలు, బ్యాంకు ఖాతాల వంటి పెద్ద ఫైళ్ళను ఒక్కో రికార్డుగా చదివి లెక్కగట్టే భాష కనుక, ఫైలు అయిపోవడం కూడా ఇందులో ఒక మలుపే. రీడ్ ఆదేశంతో వచ్చే ఎట్ ఎండ్ ఆ మలుపును పట్టుకుంటుంది.

1959 మే 28, 29 తేదీల్లో పెంటగన్‌లో జరిగిన సమావేశంతో ఈ భాషకు పునాది పడింది. గ్రేస్ హోపర్ రూపొందించిన ఫ్లో-మాటిక్ దీనికి ముఖ్యమైన ఆధారం. 1960 నాటి తొలి నిర్వచనంలోనే ఇఫ్, గో టు, పర్ఫార్మ్, ఆల్టర్ ఉన్నాయి. గో టు చెప్పిన పేరాకు, అంటే పేరు పెట్టిన వాక్యాల గుంపుకు, పంపుతుంది, వెనక్కి తేదు. పర్ఫార్మ్ ఆ పేరాను నడిపి, బయలుదేరిన చోటికే తిరిగి తెస్తుంది. అంటిల్ చేర్చితే షరతు నెరవేరేదాకా నడుపుతూనే ఉంటుంది. చక్కని ఏర్పాటు ఇది. ఆల్టర్ ప్రమాదకరమైనది: ప్రోగ్రాం నడుస్తుండగానే గో టు గమ్యాన్ని మార్చేస్తుంది. అప్పుడు కాగితం మీద కనిపించే దారి ఒకటి, యంత్రం పోయే దారి మరొకటి.

ఏ ప్రోగ్రాం రాయడానికైనా వరస, ఎంపిక, పునరావృతి ఉంటే చాలునని 1966లో బోమ్, జకోపీని నిరూపించారు. 1968 మార్చిలో గో టు హానికరమంటూ డైక్‌స్ట్రా లేఖ అచ్చయింది. కోబాల్ పూర్తిగా స్పందించింది 1985 ప్రమాణంలోనే. అంతవరకూ ఇఫ్ పరిధిని ముగించేది చివరి చుక్కే. అది మరిస్తే తరవాతి వాక్యమూ షరతు కిందికి వచ్చేది. కొత్త ప్రమాణం ఎండ్-ఇఫ్, ఎవాల్యుయేట్ తెచ్చింది. వేరే పేరా లేకుండా పర్ఫార్మ్ రాసే వీలూ కల్పించింది. బుడమేరు, తమ్మిలేరు ఎటు నుంచి వచ్చినా కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోయినట్టు, షరతు ఏ దారి పట్టించినా అన్నీ ఎండ్-ఇఫ్ దగ్గర కలుస్తాయి.

తెలుగు యువత ఈ భాషను పెద్ద ఎత్తున నేర్చింది 1990ల చివర్లో. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన పాత ప్రోగ్రాములను 2000 రాకముందే సరిచేయాల్సి వచ్చింది. హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు కోబాల్‌ను, పెద్ద కంప్యూటర్లలో దానితో పాటు వాడే జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2లను కలిపి మెయిన్‌ఫ్రేమ్ కోర్సుగా చెప్పేవి. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి ఊళ్ళ పట్టభద్రులకు అవి ఉద్యోగ ద్వారాలయ్యాయి. ఒక తేదీని దిద్దాలంటే దాన్ని వాడే పేరాలన్నీ వెతకాలి. గో టులు నిండిన ప్రోగ్రాంలో ఒక పేరాకు ఎన్ని దారుల్లో రావచ్చో మొత్తం చదివితే తప్ప తెలియదు. ఎవరో దశాబ్దాల కిందట వేసిన ఆ దారులను ఓపికగా గుర్తించిన వారి శ్రమ మెచ్చదగినది.

2002 ప్రమాణం ఆల్టర్‌ను తొలగించింది. గో టు ఇప్పటికీ భాషలో ఉంది.