ధాతకరువునాటి ధైర్యము

మహాభారతమున శాంతిపర్వమునందు ద్వాదశవార్షిక క్షామము వర్ణింపబడినది. విశ్వామిత్రమహర్షి యంతటివాడు ఆకలికి తాళజాలక చండాలవాటిక కేగి కుక్కమాంసమున కాసపడెను. మహర్షి యాకలిని ఆ కథ మనకు తెలిపినది గాని, ఆ వాడవారి యాకలి యెట్టిదో తెలుపలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో మన సీమను దహించిన ధాతకరువు చరిత్రలో మాత్రము ఆ వాడవారి మాట వినవచ్చుచున్నది.

1876లో వానలు తప్పినవి. 1878 వరకు చెన్నరాజధానిలో చాలభాగము క్షామపీడిత మయ్యెను. 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట కృష్ణాడెల్టాను కొంతవరకు కాపాడినది. దక్షిణముననున్న ఒంగోలు సీమ వాననే నమ్మిన భూమి. దానికట్టి యండ లేకపోయెను. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లాలో చేరి, 1970లో వేరైనది. కరువు వెంట మశూచి, విషూచి వచ్చినవి. కరువుపనులలో దినకూలి ఒక పౌను ధాన్యము, కొలదిపాటి కాసులు మాత్రమే.

అప్పుడు ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర యుండెను. ఆయన 1866లో అచటికి వచ్చి, 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో సంఘము స్థాపించెను. అంతకు మునుపు యోగమార్గమున శాంతిని వెదకిన ఎర్రగుంట్ల పేరయ్యయను తోళ్ల వర్తకుడు క్రీస్తును నమ్మి, తనవారైన మాదిగలకు ఆ వార్త జెప్పెను. నమ్మినవారు చచ్చిన పశుమాంసము ముట్టరాదు, ఆదివారము పనికి పోరాదు, విగ్రహములను కొలువరాదు. జాతరలలో డప్పు కొట్టుటయు మానిరి. ఇందువలన రైతులతోను, గ్రామోద్యోగులతోను వైరము గలిగెను. కొన్ని పల్లెలలో వారికి పని నిరాకరింపబడెను. నీటి రేవులు మూయబడెను. గ్రామలెక్కలు వ్రాసిన వంశములవారికి ఈ మాట రుచింపకపోవచ్చును. ఐనను సత్యము గనుక చెప్పవలసినదే.

ప్రభుత్వము కరువుపనిగా బకింగ్‌హాం కాలువను త్రవ్వించుచుండెను. ఇతరుల పనితట్టున మాదిగలు మేస్త్రీల బాధలకు లోనగుట జూచి, యౌవనమున అమెరికాలో భూమికొలత పని చేసియుండిన క్లౌ దొర మూడున్నర మైళ్ల కాలువను తానే గుత్తకు గైకొనెను. బోధకులే మేస్త్రీలైరి. రాజుపాలెమువద్ద పాకలు వెలసినవి. పగలు మట్టి మోసినవారు విరామవేళ బోధకులచుట్టు కూర్చుండి, భారము మోయువారికి విశ్రాంతి నొసగెదనన్న క్రీస్తు వాగ్దానమును వినిరి. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులకు ఆ మాట గ్రంథస్థవాక్యమువలె గాక, తమ్మే పేరుపెట్టి పిలిచినట్లు తోచియుండును.

వందలకొలది జనులు బాప్తిస్మము గోరిరి. క్లౌ దొర యీయలేదు. అన్నమునకై వచ్చిరను మాట రాకుండుటకు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మ మీయక నిలిపివేసెను. 1878లో పనులు ముగిసి, ఇక ధనము గాని ధాన్యము గాని లేదని స్పష్టముగా జెప్పినను వారు కదలలేదు. కాయలు కాచిన చేతులు చూపి, తాము కష్టించి తిన్నామనియు, రేపు పంట పోయి మరణించినను ఆ విశ్వాసముతోనే మరణింతుమనియు విన్నవించిరి.

జూలై 3వ తేదీన ఒంగోలునకు ఉత్తరముననున్న వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు దేశీయబోధకులు ఇద్దరిద్దరు చొప్పున నదిలో నిలిచి, సుమారు తొమ్మిది గంటలలో ఆ కార్యము నెరవేర్చిరి. ఆనాడు దొర స్వయముగా ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. ముందునాడు 614 మంది, మరునాడు 700 మంది. మూడు దినములకు మొత్తము 3,536.

వీరు కూటికై మతము పుచ్చుకొనిరని నాటినుండియు కొంద రందురు. ఆపత్కాలమున అన్నము పెట్టినవానియందు ఆదరము కలుగుట సహజమే. దానిని కాదనుట సత్యము గాదు. కాని లెక్క సరిచూడవలయును. కూడు దొరకిన కాలమున బాప్తిస్మము దొరకలేదు. బాప్తిస్మము దొరకిన కాలమున కూడు దొరకు నాశ లేదు. వారు తిరిగి పోవలసినది తమ్ము బాధించిన పల్లెలకే. శాంతి యనగా బాధ తొలగుట యని తలంచువారికి ఈ ధైర్యము బోధపడదు. బాధ యెదుటనే యుండగా తల యెత్తి నడచుటయే వారెరిగిన శాంతి.

మన కొమ్మమూరు కాలువ పెదగంజాముకడ బకింగ్‌హాం కాలువను కలియును. నే డందు నాటివలె పడవలు నడువవు. ఐనను ఆ గట్టు మట్టిని తలకెత్తినవారి మనుమల మనుమలు నేడు బడులలోను, ఆసుపత్రులలోను, కచేరీలలోను పనిచేయుచున్నారు. గ్రంథాలయములలో కూర్చుండి చదువుచున్నారు. తమ పూర్వులు కూలికి మాత్రమే గాక, మానమునకును మట్టి మోసిరని వారెరుగుట యుక్తము. తక్కినవారు మరువకుండుట అంతకంటె యుక్తము.