మిరుగం నాటి చేప

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. అది దాటి జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చిందంటే తెలంగాణ ఇళ్లలో చేపల పులుసు ఘుమఘుమలాడాల్సిందే. 'మిరుగం' నాడు చేప తినకపోతే ఎలా? అదే రోజు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మాత్రం చేపను వండరు, నమలరు. బతికున్న రెండు మూడంగుళాల కొర్రమట్ట పిల్ల నోట్లో పసుపుపచ్చటి మందు ముద్ద పెట్టి, ఉబ్బసం రోగి గొంతులోకి జారవిడుస్తారు.

ఈ మందు పంచే బత్తిని కుటుంబం చెప్పే కథ 1845లో మొదలవుతుంది. పాతబస్తీ దూద్‌బౌలికి చెందిన వీరన్న గౌడ్‌కు ఒక సాధువు ఈ మందు గుట్టు చెప్పి, పైసా తీసుకోవద్దని షరతు పెట్టాడట. ఆ షరతు ఇప్పటికీ నడుస్తోంది. మందు ఉచితం, చేపపిల్లనే కొనుక్కోవాలి. దాన్ని అమ్మేది సాక్షాత్తూ ప్రభుత్వ మత్స్యశాఖ! కాబట్టి 'అంతా డబ్బు కోసమే' అనే తేలిక విమర్శ ఇక్కడ చెల్లదు.

జన విజ్ఞాన వేదిక వంటి హేతువాద సంఘాలు కోర్టుకెక్కాక 'మందు' అనే మాట వెనక్కి తగ్గి 'ప్రసాదం' ముందుకొచ్చింది. మందును పరీక్షకు పెట్టమనొచ్చు. ప్రసాదాన్ని ఎవరడుగుతారు?

చేప తోకాడిస్తూ వెళ్లి గొంతులోని కఫాన్ని తుడిచేస్తుందని నమ్మకం. మింగింది పోయేది అన్నవాహికలోకి, ఉబ్బసం ఉండేది ఊపిరితిత్తుల గాలిగొట్టాల్లో. చేప నిజంగా అటు దారితప్పితే కావలసింది అంబులెన్సు.

మరి 'నాకు తగ్గింది' అనేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? అక్కర్లేదు. ఉబ్బసం ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ముదిరినప్పుడే మనిషి నాంపల్లి రైలెక్కుతాడు, ఆ తర్వాత ఎలాగూ కొంత నెమ్మదిస్తుంది. విపరీతం తర్వాత సగటు వైపు జరిగే ఈ తీరును శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే మనుషుల ఎత్తుల్లో చూపించాడు. చాలామంది పిల్లలకు ఎదిగేకొద్దీ ఉబ్బసం దానంతటదే తగ్గుముఖం పడుతుంది కూడా.

పైగా వరసగా మూడేళ్లు రావాలి, ప్రతిసారీ 45 రోజుల పథ్యం. గుణం కనపడనివాడు రెండో ఏడు మళ్లీ వరసలో ఎందుకు నిలబడతాడు? మూడో ఏడు మిగిలేది ఎక్కువగా తగ్గిందనుకున్నవాళ్లే. వాళ్లనడిగితే ఏం చెబుతారో వేరే చెప్పాలా! తగ్గనివాడికి 'పథ్యం తప్పావు' అనే జవాబు సిద్ధం.

కోవిడ్ వల్ల 2020 నుంచి 2022 దాకా పంపిణీ ఆగింది. సరిగ్గా ఒక పూర్తి కోర్సంత కాలం. మందు అందని ఆ మూడేళ్లలో రోగులు ఎలా ఉన్నారో లెక్క తీయడానికి అంతకంటే మంచి అదను దొరకదు. 2023లో వరసలు మళ్లీ మొదలయ్యాయి.

అన్నట్టు, శాకాహారులకు అదే ముద్దను బెల్లంతో ఇస్తారు. బెల్లానికి తోక లేదు. చేప మింగినవాళ్లు, బెల్లం మింగినవాళ్లు ఏటా ఒకే మైదానంలో దొరుకుతారు. ఆరు నెలలు ఆగి రెండు జట్లనూ పలకరించడానికి ఒక నోటుపుస్తకం చాలు.