హైదర్ అలీ పేరు పెట్టుకున్న అమెరికా ఓడ

1782 ఏప్రిల్ 8వ తేదీన అమెరికాలోని డెలావేర్ అఖాతంలో ఒక చిన్న యుద్ధనౌక తనకంటే బలమైన ఆంగ్లేయుల నౌక 'జనరల్ మాంక్'ను అరగంటలోపే లొంగదీసుకున్నది. పెన్సిల్వేనియా వారు సమకూర్చుకున్న ఆ నౌక పేరు 'హైదర్ అలీ'. అవును, మన మైసూరు హైదర్ అలీయే! బడిలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం చదివినప్పుడు పన్నులు, టీ పెట్టెలు బట్టీ పట్టాము గాని, ఈ ఓడ సంగతి మాకెవరూ చెప్పలేదు.

అసలు తగాదా పన్నులతోనే మొదలైంది. 1763లో ఏడేళ్ల యుద్ధం ముగిసేసరికి ఇంగ్లండు గెలిచింది గాని అప్పులపాలైంది. ఆ భారంలో కొంత అమెరికాలోని 13 వలసల మీద వేయదలచి 1765లో స్టాంపు చట్టం తెచ్చారు. దస్తావేజులకు, పత్రికలకు, చివరకు పేకముక్కలకు కూడా పన్ను! పార్లమెంటులో మా మనిషి ఒక్కడూ లేనప్పుడు పన్ను వేసే హక్కు మీకెక్కడిదని వలసవారు ఎదురుతిరిగారు. మరుసటి ఏడు చట్టం రద్దయింది, పట్టుదలలు మాత్రం మిగిలాయి.

తరువాత టీ గొడవ. బెంగాలును ఏలుతూ, మన సర్కారు జిల్లాలను చేజిక్కించుకున్న ఈస్టిండియా కంపెనీయే ఇక్కడా కనబడుతుంది. 1770 కరువులో బెంగాలు ప్రజలు మలమల మాడిపోయారు. కంపెనీ కూడా దివాలా అంచుకు వచ్చింది. దాన్ని గట్టెక్కించడానికి 1773లో టీ చట్టం చేశారు. ఆ డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెలు సముద్రం పాలయ్యాయి. అది మన అస్సాం టీ అనుకునేరు, చైనా సరుకు.

1775లో తుపాకులు పేలాయి. 1776 జులై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. 1777లోనే మొరాకో సుల్తాను అమెరికా ఓడలకు తన రేవులు తెరిచాడు. అదే ఏడు శరటోగాలో ఆంగ్ల సైన్యం లొంగిపోయాక ఫ్రెంచివారు బాహాటంగా రంగంలోకి దిగారు. ఇటు 1780లో పొల్లిలూరు వద్ద హైదర్ సేనలు కంపెనీ దళాన్ని చిత్తుగా ఓడించాయి. శత్రువుకు శత్రువు మిత్రుడే గదా, అందుకే ఆ ఓడకు ఆ పేరు. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ దగ్గర కారన్‌వాలిస్ లొంగిపోయాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి, కత్తి అప్పగించడానికి తన కింది అధికారిని పంపాడట!

1783లో సంధి కుదిరినా 13 రాష్ట్రాలు ఒక్క దేశం కాలేదు. కేంద్రానికి పన్ను వేసే అధికారమే లేదు, ఎవరి దారి వారిదే. 1787లో కూర్చుని రాజ్యాంగం రాసుకున్న తరువాతే అది దేశమన్నమాట. మనుషులందరూ సమానులని రాసిన జెఫర్సన్ ఇంట్లోనే బానిసలుండేవారు. దేశమంతటా బానిసత్వం పోవడానికి 1865 దాకా పట్టింది. ఈ మాట చెప్పకుండా ఆ కథ చెప్పడం న్యాయం కాదని మా అభిప్రాయం.

అక్కడ ఓడిన కారన్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరలై ఇక్కడికి వచ్చాడు. 1792లో నిజామును, మరాఠాలను కలుపుకుని టిప్పు సుల్తానును ఓడించి, సగం రాజ్యం తీసుకున్నాడు. టిప్పు కొడుకులిద్దరిని, చిన్నపిల్లలను, జామీనుగా పట్టుకుపోయాడు. రెండేళ్లకు గాని వారు తండ్రిని చేరలేదు. ఆ పంపకంలో కడప నిజాముకు వచ్చింది. 1800లో నిజాము దాన్ని, తక్కిన సీమ ప్రాంతాలను కంపెనీకి దత్తం చేశాడు. మన పెద్దలు దత్తమండలాలని పిలిచినవి అవే.