నెల తప్పక ముందే మాత్ర ఎందుకు?

మొన్న మా అక్క కూతురు వచ్చింది. పెళ్ళయి ఏడాదిన్నర. పిల్లలు కావాలనుకుంటున్నామని చెబితే డాక్టరమ్మ రోజూ ఒక ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోమందిట. "ఇంకా నెలే తప్పలేదు, అప్పుడే మాత్రలేమిటి పిన్నీ? మా అత్తగారు నవ్వుతున్నారు" అంది. ఆవిడనీ తప్పుపట్టలేం. మా అమ్మ రోజుల్లో అయిదో నెల వచ్చాక గానీ టానిక్కు సీసా ఇంట్లోకి వచ్చేది కాదు.

ఆ మాత్ర కథ మొదలైంది మన దేశంలోనే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడి మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉండగా రక్తం లేక పాలిపోయి, కొందరు ప్రాణాలే పోగొట్టుకునేవారు. వాళ్ళు ఏం తింటున్నారో ఆవిడ శ్రద్ధగా కనుక్కుంది. చివరికి ఈస్టుతో చేసే మార్మైట్ అనే నల్లటి, చవకైన పదార్థం పెట్టి చూస్తే తేరుకున్నారు. ఆ సంగతి 1931లో అచ్చువేసింది. అందులో ఉన్నదేమిటో మాత్రం అప్పటికి అంతుపట్టలేదు.

1941లో అమెరికాలోని టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర ఉడికించి, వడగట్టి ఆ పదార్థాన్ని కాస్తంత తీశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు, అందుకే ఆ పేరు. ప్రతి తల్లికీ అన్నేసి పాలకూర ఎక్కడ తెస్తాం? దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో లెడర్లీ కంపెనీ వాళ్ళు కనిపెట్టారు. ఆ పరిశోధనలకు పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు! స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకూ ఇదే మందయింది.

ఇంతవరకూ ఇది తల్లి రక్తం కోసమే. బిడ్డ సంగతి తర్వాత తేలింది. కొందరు పిల్లలు వెన్నుపూస మూసుకోకుండా పుడతారు, కొందరికి తలపై భాగమే ఏర్పడదు. ఇలాంటి బిడ్డ పుడితే మన ఇళ్ళల్లో గ్రహణం నాడు బయట తిరిగిందనో, కత్తిపీట పట్టుకుందనో కోడల్ని ఆడిపోసుకోవడం మీరూ వినే ఉంటారు. కడుపుకోతకు తోడు ఆ నింద ఒకటి. 1965లో లివర్‌పూల్‌లో హిబ్బర్డ్, స్మిథెల్స్ అనే డాక్టర్లు అలాంటి తల్లులను పరీక్షించి, ఫోలిక్ లోపం కారణమేమోనని అనుమానించారు. స్మిథెల్స్ 1980లో, గర్భం రాకముందే విటమిన్లు ఇస్తే మేలు కనబడిందని ప్రకటించాడు. సరిపోల్చిన పద్ధతి సరిగా లేదని చాలామంది ఒప్పుకోలేదు.

అనుమానం తీరింది 1991లో. ఇదివరకు అలాంటి బిడ్డను మోసిన తల్లులనే ఏడు దేశాల్లో ఎంచుకుని, కొందరికి ఫోలిక్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. 1,195 గర్భాల ఫలితం తెలిసేసరికి 27 మంది బిడ్డలకు లోపం వచ్చింది. ఫోలిక్ వేసుకున్న వైపు 6, వేసుకోని వైపు 21. ఇక ఇవ్వకుండా ఉండడం అన్యాయమని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. మర్నాటి ఏడాది అమెరికా ప్రభుత్వం, గర్భం వచ్చే వయసులో ఉన్న ప్రతి స్త్రీకీ రోజుకు 400 మైక్రోగ్రాములు కావాలని చెప్పింది.

మరి ముందునుంచే ఎందుకంటారా? బిడ్డ వెన్ను గొట్టంలా మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల లోపే. అంటే నెల తప్పి రెండు వారాలు. మనకు అనుమానం వచ్చి, ఆయనతో చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది! అందుకే కనీసం నెల ముందునుంచి మొదలుపెట్టి మూడో నెల నిండేదాకా వేసుకోమంటారు. ఇదివరకు అలాంటి కాన్పు అయినవారికీ, మూర్ఛకు మందులు వాడేవారికీ మోతాదు వేరు, అది డాక్టరే చెప్పాలి. ఆకుకూరలు తినండి గానీ ఉడికించిన నీళ్ళు పారబోయకండి, ఫోలిక్ ఆ నీళ్ళలోకే దిగిపోతుంది.

ఇదంతా చెబితే మా పిల్ల, "అయితే మా అత్తగారితో మీరే ఫోనులో చెప్పండి పిన్నీ" అంది. చెప్పాను. అన్నీ విని ఆవిడ, "సుబ్బారావుగారిది భీమవరమా? మా పుట్టిల్లూ అటే!" అన్నారు.