‘మిసెస్’ అంటే ఎవరు? – అంకితం అచ్చయ్యమ్మ గారి కథ

విశాఖపట్నం పాతనగరంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ పేరు మన ఉత్తరాంధ్రలో విననివారు తక్కువ. ఎ.వి.ఎన్. అంటే అంకితం వెంకట నరసింగరావు గారు. మరి ముందున్న ఆ ‘మిసెస్’ ఎవరు? "ఏటమ్మా, ఆవిడకి పేరు నేదా?" అని మన సభ్యులు అడగొచ్చు. ఉంది. ఆవిడ అంకితం అచ్చయ్యమ్మ గారు.

ఆవిడ పుట్టింటివారు గోడేవారు, పేరున్న జమీందార్లు. తండ్రి గోడే వెంకట జగ్గారావు గారికి ఆకాశమంటే పిచ్చి. కుర్రతనంలోనే మద్రాసు వెళ్లి ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో విశాఖలోని డాబా గార్డెన్స్‌లో సొంత డబ్బుతో నక్షత్రశాల కట్టించారు. జమీందార్లు గుర్రాలకీ మేజువాణీలకీ ఖర్చుపెట్టే రోజులవి. ఈయన దుర్భిణీలు కొన్నారు. 1856లో ఆయన పోయాక అల్లుడు నరసింగరావు గారు ఆ పని అందుకున్నారు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని నక్షత్రశాల నడిపారు. 1874లో శుక్రగ్రహం సూర్యుడి మీదుగా నల్ల చుక్కలా దాటిపోయినప్పుడు ఇక్కడినుంచే గమనించి లెక్కలు రాసి లండన్ పంపారు. అక్కడి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా చేర్చుకుంది.

1892లో నరసింగరావు గారు కన్నుమూశారు. మన కథకి అసలు మొదలు ఇదే.

ఆ రోజుల్లో భర్త పోయిన ఆడమనిషికి ఆస్తి మీద ఏపాటి హక్కు ఉండేదో ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. భర్త ఆస్తి విధవరాలి చేతికి వచ్చినా, బతికినన్నాళ్లు అనుభవించడమే తప్ప ఇష్టమొచ్చినట్టు అమ్మడానికీ ఇచ్చెయ్యడానికీ వీల్లేదు. స్త్రీధనం ఒక్కటే తనది. ఉమ్మడి కుటుంబంలో అయితే తిండీ బట్టా తప్ప వాటా మాటే లేదు. అలాంటి కాలంలో అచ్చయ్యమ్మ గారు రెండు పనులు చూశారు. ఒకటి, తండ్రీ భర్తా నిలబెట్టిన నక్షత్రశాల మూతపడకుండా చూడడం. 1894లో దాని నిర్వహణ మద్రాసు ప్రభుత్వం చేతికి వెళ్లింది. రెండోది, విశాఖలో 1860లో చిన్న బడిగా మొదలై అప్పటికి హిందూ కాలేజీగా ఎదిగిన సంస్థకి పెద్ద విరాళం. ఆ విరాళంతోనే కాలేజీకి కొత్త పేరు వచ్చింది.

ఆ డబ్బు ఏం చేసిందో చూడండి. సి.వి. రామన్ గారి తండ్రి ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పారు. రామన్ గారు 1903లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లకముందు చదివింది అక్కడే. 1930లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. అల్లూరి సీతారామరాజు గారు కొన్నాళ్లు చదివిందీ అక్కడే. మహాకవి శ్రీశ్రీ కూడా ఆ గడప తొక్కినవారే. ఈ పేర్లన్నీ మగవాళ్లవే అని మీకు తట్టే ఉంటుంది, నాకూ తట్టింది. ఆడమనిషి డబ్బుతో నిలబడ్డ కాలేజీ, అయినా మనం గొప్పగా చెప్పుకునే పేర్లలో ఆడపిల్ల పేరు లేదు. ఆవిడ తప్పు కాదిది. ఆ కాలంలో ఆడపిల్లకి నాలుగో తరగతి దాటడమే కష్టం.

నాకు ఎక్కువ పట్టుకున్నది పేరు సంగతి. డబ్బు ఆవిడ ఇచ్చారు, బోర్డు మీద మాత్రం భర్త పేరు పొడి అక్షరాల్లోకి వెళ్లి ‘మిసెస్’ ఒక్కటే ఆవిడకి మిగిలింది. ఆ కాలానికి అదే గౌరవం అనుకున్నారు, బహుశా ఆవిడా అలాగే అనుకుని ఉండొచ్చు. అయినా నూట ముప్పై ఏళ్లుగా లక్షలమంది నోట నలిగిన పేరులో అచ్చయ్యమ్మ లేదు.

చట్టం మెల్లగా కదిలింది. 1937లో విధవరాలికి భర్త ఆస్తిలో వాటా వచ్చింది, అదీ బతికినన్నాళ్లే. 1956లో హిందూ వారసత్వ చట్టంతో అది పూర్తి హక్కు అయ్యింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానవాటా మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతా 2005 నుంచి అమలైంది. ఈ తేదీలు సంఘం సమావేశంలో ఒకసారి చదివి వినిపించండి. పుట్టింటి భూమి దగ్గర "అన్నదమ్ములతో గొడవెందుకులే" అని సంతకం పెట్టి వచ్చేసేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు.

ఇంకో మాట. మన సభ్యత్వ పుస్తకాల్లో కొన్నిచోట్ల ఇప్పటికీ ‘ఫలానావారి భార్య’ అని ముందు రాసి, పేరు తరవాత ఇరికిస్తున్నారు. వచ్చే ఏడాది కొత్త పుస్తకాలు రాసేటప్పుడు పుస్తక నిర్వాహకులు సభ్యురాలి పూర్తి పేరు మొదటి గడిలోనే రాయాలని, భర్త పేరు ఆ తరవాతి గడిలోకి వెళ్లాలని కోరుతున్నాం.